గంటల లెక్క

(మహిళా కార్యకర్తలకూ, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగినులకూ, చుట్టుపక్కల షెడ్లలో ఆఫీసుల్లో పనిచేసే స్త్రీలకూ కృష్ణపట్నంలో జరిగిన శిక్షణా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకు పంపిన కాగితంలో నేను మాట్లాడవలసిన విషయం ‘పనిచేసే స్త్రీలకు సమయ నిర్వహణ, వ్యక్తిత్వ వికాసం’ అని రాశారు. ఈ మాటలు వింటే మన సంస్థల్లో కొందరు ముఖం చిట్లిస్తారని నాకు తెలుసు. ఇవి కంపెనీల వాళ్ళ మాటలు, మనకెందుకు అంటారు. నేనలా అనను. పని చక్కగా చేయడం, డబ్బు లెక్క తెలిసి ఉండటం, నలుగురిలో నిలబడి మాట్లాడగలగడం, మీటింగు గంటలో ముగించగలగడం - ఇవన్నీ నేర్చుకోదగ్గ విద్యలే. వాటిని కంపెనీలకు వదిలేయాల్సిన పనిలేదు. అయితే ఆ విద్య నేర్చుకున్నాక మిగిలిన గంట ఎవరి చేతికి పోతోంది? ఈ ప్రశ్న పక్కన పెట్టి సమయ నిర్వహణ గురించి మాట్లాడితే, ఇప్పటికే పరుగెత్తుతున్న మనిషిని ఇంకా వేగంగా పరుగెత్తమనడమే అవుతుంది.

ఏ బస్టాండులో పుస్తకాల కొట్టు దగ్గర నిలబడినా వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు వరసగా కనిపిస్తాయి. తెల్లవారి 5 గంటలకు లేవమంటాయి. ముఖ్యమైన పని ముందు చేయమంటాయి. చిన్న పనులు ఇతరులకు అప్పగించమంటాయి. చెడ్డ సలహాలు కావు. కానీ చదువుతూ పోతుంటే, రాసినాయన మనసులో ఉన్న పాఠకుడు మెల్లగా బయటపడతాడు. ఆయన లేచేసరికి కాఫీ ఉంటుంది. చొక్కా ఇస్త్రీ అయి ఉంటుంది. పిల్లవాడికి జ్వరం వస్తే బడి నుంచి కబురు ఆయనకు రాదు. చిన్న పనులు అప్పగించడానికి ఇంట్లో ఒక మనిషి ఉంది. ఆ మనిషే మనం. అదే పుస్తకం మన చేతికిచ్చి చదవమంటే మనం ఎవరికి అప్పగించాలి? పెద్ద కూతురికి అప్పగిస్తాం. ఆ పిల్ల బడి మానేస్తుంది. ఇక 5 గంటలకు లేవడమంటారా, ఇక్కడ కూర్చున్న వాళ్ళలో 5 దాకా పడుకునే భాగ్యం ఎంతమందికుందో చేతులెత్తితే తెలుస్తుంది.

మన ప్రభుత్వపు లెక్కలే చూడండి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని, మగవాళ్ళు 97 నిమిషాలని తేలింది. 2024లో మళ్ళీ సర్వే చేశారు. ఈసారి స్త్రీలు 289 నిమిషాలు, మగవాళ్ళు 88. ఇందులో ఒక మెలిక ఉంది. ఇవి ఆ రోజు ఎంతో కొంత ఇంటిపని చేసిన వాళ్ళ సగటులు. పుల్ల తీసి అవతల పెట్టని మగవాళ్ళు ఈ 88లోకి రానే రారు. ఆ 5 ఏళ్ళలో మనకు 10 నిమిషాలు తగ్గితే, వాళ్ళకూ 9 నిమిషాలు తగ్గాయి!

నేను శిక్షణల్లో ఉపన్యాసానికి బదులు ఒక పని చేయిస్తుంటాను. నేల మీద ముగ్గుపిండితో పెద్ద వలయం గీసి 24 భాగాలు చేస్తాం. ఒక్కొక్కరూ వచ్చి నిన్నటి రోజును అందులో నింపాలి. డబ్బులొచ్చే పనికి చింతగింజ, డబ్బు రాని పనికి గులకరాయి, ఖాళీగా ఉన్నదానికి పువ్వు. మొదట అందరూ నవ్వుతారు. పావుగంటకు నవ్వులు ఆగిపోతాయి. ఒకసారి రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేసే ఆమె వచ్చి నింపింది. మూడున్నరకు లేవడం, నీళ్ళు, వంట, అత్తగారికి మందులు. ఐదున్నరకు రోడ్డు మీదికి. వ్యాను కోసం ముప్పావు గంట. అక్కడ ఆమె పువ్వు పెట్టింది. షెడ్డుకు పోయాక సరుకు రాలేదు. రెండు గంటలు గోడవారన కూర్చున్నారు. అక్కడా రెండు పువ్వులు పెట్టింది. అదేమిటి, అది ఖాళీయా అని అడిగాను. ‘‘కిలోకింతని కూలి గదక్కా. వలిస్తే లెక్క గానీ, కూర్చుంటే ఏం లెక్క?’’ అంది.

గేటు లోపల, ఇంటికి పోవడానికి వీల్లేకుండా, పిలిస్తే లేచి పోవడానికి సిద్ధంగా కూర్చున్న రెండు గంటలు ఎవరివి? యజమానివి. వాటికి డబ్బు ఇవ్వడం లేదు కాబట్టి ఆమె వాటిని తన తీరిక అనుకుంటోంది. ఆ మధ్యాహ్నమంతా మేం ఆ మూడు పువ్వుల గురించే మాట్లాడుకున్నాం. అదే గుంపులో ఆఫీసులో కంప్యూటరు ముందు పనిచేసే అమ్మాయి ఒకామె ఉంది. ఆమె వలయంలో పువ్వే లేదు. బస్సులో కూర్చున్న గంట కూడా పిల్లల హోంవర్కుకూ, గ్యాసు బుకింగుకూ ఫోనులోనే గడిచిపోతోంది. ఒకరి గంటలు దొంగతనంగా పోతున్నాయి, ఇంకొకరి గంటలు ముక్కలు ముక్కలుగా పోతున్నాయి. ఇద్దరికీ ‘మీ సమయాన్ని సద్వినియోగం చేసుకోండి’ అనే ఒకే సలహా ఇస్తే ఏం ప్రయోజనం?

కాబట్టి నా మొదటి సలహా, టైము మిగల్చడం కాదు, రాయడం. ఒక్క వారం రోజులు రాయండి. ఎప్పుడు లేచాం, ఎక్కడ ఎదురుచూశాం, ఎవరి పని చేశాం. వారం తర్వాత చూస్తే మూడు రకాలు కనిపిస్తాయి. మనమే మార్చుకోగలిగినవి కొన్ని ఉంటాయి, వాటికి ఆ పుస్తకాల సలహాలు నిజంగానే పనికొస్తాయి. రేపటి పని ఈ రాత్రే రాసి పెట్టుకోవడం, ఒకే దారిలో ఉన్న పనులు ఒకే తిరుగుడులో ముగించుకోవడం లాంటివి. ఇంట్లో వాళ్ళతో తేల్చుకోవలసినవి కొన్ని. పనిచేసే చోట తేల్చుకోవలసినవి కొన్ని. ఈ మూడో రకాన్ని మొదటి రకమనుకుని మనల్ని మనం తిట్టుకుంటూ బతకడమే మన అలసటలో పెద్ద భాగమని నా అనుభవం.

పనిని గడియారంతో కొలిచే విద్య 1911లో అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ రాసిన పుస్తకంతో పేరుకెక్కింది. ఆ రంగంలో ఒక స్త్రీ ఉంది, మన శిక్షకులు ఆమె పేరు సాధారణంగా చెప్పరు. లిలియన్ గిల్‌బ్రెత్. మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు, 12 మంది పిల్లల తల్లి. భర్తతో కలిసి ఫ్యాక్టరీలకు సలహాలిచ్చేది. 1924లో భర్త పోయాక చాలా కంపెనీలు ఒక్క ఆడమనిషిని నమ్మి పని ఇవ్వలేదు. అప్పుడామె వంటింటి వైపు తిరిగింది. కాలితో తొక్కితే మూత తెరుచుకునే చెత్తడబ్బా, ఫ్రిజ్ తలుపులో అరలు ఆమె ఆలోచనలే. చాలా తెలివైన మనిషి. కానీ గట్టు ఎంత ఎత్తుండాలో ఎంత కొలిచినా, అక్కడ నిలబడేది ఎప్పుడూ ఆడమనిషే ఎందుకన్నది కొలతలతో తేలేది కాదు. మనకూ రోలు పోయి గ్రైండరు వచ్చింది. మా అమ్మమ్మ కాలంలో ఇడ్లీ పండగ పూట వంట. ఇప్పుడు రోజూ ఇడ్లీయో దోసో ఉండాల్సిందే. యంత్రం మిగిల్చిన గంటను ఇంట్లో వాళ్ళ నోళ్ళు తినేశాయి.

ఇక డబ్బు లెక్క దగ్గరికి వస్తాను. కృష్ణపట్నం ఇరవయ్యేళ్ళ కిందటి ఊరు కాదు. 2008లో కొత్త రేవు ప్రారంభమైంది. 2020, 2021 సంవత్సరాల్లో అది అదానీల చేతికి వచ్చింది. నేలటూరులో థర్మల్ కేంద్రం, పంటపాళెం వైపు నూనె శుద్ధి కర్మాగారాలు, రొయ్యల గుంటలు, షెడ్లు. ఒకప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన తల్లుల బిడ్డలు ఇవాళ ఎవరో ఒకరి గేటు లోపల పనిచేస్తున్నారు. తట్ట మోసిన తల్లికి కష్టం ఎక్కువే గానీ, ఎంతకు కొన్నాను, ఎంతకు అమ్మాను అన్న లెక్క ఆమె నోటిమీదే ఉండేది. గేటు లోపలికి పోయిన కూతురి లెక్క మేస్త్రీ పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం ఆమె ఎప్పుడూ చూడలేదు. తను పనిచేసేది ఏ కంపెనీకో చెప్పలేక ‘‘ఫలానా ఆయన వ్యానులో పోతుండా’’ అని చెప్పే వాళ్ళను నేను చాలామందిని చూశాను.

అందుకే పుస్తకం మనకూ ఉండాలి. నలభై పేజీల నోటు పుస్తకం చాలు. తారీఖు, లోపలికి పోయిన టైము, బయటికి వచ్చిన టైము, ఎదురుచూసిన గంటలు, ఎన్ని కిలోలు, చేతికి వచ్చిన డబ్బు, అడ్వాన్సు కింద కోసుకున్నది. గేటు మీద రాసి ఉన్న కంపెనీ పేరు, వ్యాను పంపే కాంట్రాక్టరు పేరు మొదటి పేజీలో. వారానికొకసారి పక్కన పనిచేసే ఆమె మీ పుస్తకంలో సంతకం పెట్టాలి, మీరు ఆమె పుస్తకంలో పెట్టాలి. ఫోను ఉంటే ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. రాయడం రాని వాళ్ళ సంగతేమిటని కొత్తగా చేరిన కార్యకర్తలు నన్ను అడుగుతుంటారు. పాల లెక్కకు గోడ మీద బొగ్గుతో గీతలు గీసిన మన ముసలమ్మలకు ఎవరు నేర్పారు? గీతలు గీయమనండి.

ఈ పుస్తకానికి చట్టంలో కూడా విలువ ఉంది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి మీద కార్మిక సంఘాలకు గట్టి అభ్యంతరాలున్నాయి, నాకూ ఉన్నాయి, ఆ చర్చ ఇంకో రోజు. కానీ మన చేతికి దొరికిన మేకు ఏదైనా ఉంటే దాన్ని వదలకూడదు. వేతనాల కోడ్ ప్రకారం యజమాని జీతం చీటీ ఇవ్వాలి. నెల జీతం మరుసటి నెల 7 రోజుల్లోగా అందాలి. అదనపు పనికి రెట్టింపు కూలి. ఒకే పనికి ఆడవాళ్ళకొక రేటు, మగవాళ్ళకొక రేటు ఉండకూడదు. రావలసిన కూలి రాలేదని 3 ఏళ్ళలోగా అడగవచ్చు. అలా అడిగినప్పుడు ఇచ్చానని రుజువు చేసుకోవలసిన బరువు యజమాని మీద ఉంటుంది, మన మీద కాదు. మరి మనకు పుస్తకం ఎందుకంటారా? ఇచ్చాడా లేదా అన్న దగ్గర కంటే, ఎన్నాళ్ళు చేశావు, ఎన్ని గంటలు చేశావు అన్న దగ్గరే ఎక్కువ తగాదా. అక్కడ ‘‘శానా రోజులు చేశాను సార్’’ అనే మాట నిలవదు. తారీఖులు నిలుస్తాయి.

ఇప్పుడే ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం పనివేళల చట్టాలకు సవరణలు ఆమోదించింది. రోజు పని గరిష్ఠంగా 9 గంటలున్నది 10 గంటలకు, 5 గంటల పని తర్వాత ఇచ్చే విరామం 6 గంటల తర్వాతకు, మూడు నెలల్లో చేయించగలిగిన ఓవర్‌టైము 75 గంటల నుంచి 144 గంటలకు. సమ్మతి తీసుకుని, రవాణా, భద్రత కల్పించి ఆడవాళ్ళను రాత్రి షిఫ్టులో పెట్టవచ్చన్నారు. రాత్రి పని వద్దని నేను అనను. నర్సులు ఎప్పటినుంచో చేస్తున్నారు. కానీ సమ్మతి అంటే ఏమిటి? ‘‘సంతకం పెట్టకపోతే రేపట్నుంచి వ్యాను మీ ఇంటి దగ్గర ఆగదు’’ అన్నాక పెట్టిన సంతకం సమ్మతేనా? 5 గంటలకూ 6 గంటలకూ తేడా ఏముందని ఏసీ గదిలో కూర్చున్న వాళ్ళకు అనిపించవచ్చు. మంచు నీళ్ళలో చేతులు పెట్టి నిలబడే, నెలసరిలో ఉన్న ఆడమనిషిని అడగండి. విరామం దాకా ఆపుకోవడానికి నీళ్ళు తాగడమే మానేస్తారు, మూత్రంలో మంట తెచ్చుకుంటారు. కంపెనీలు పెట్టే ఒత్తిడి తగ్గింపు శిక్షణలో దీని గురించి ఒక్క మాట ఉండదు. ఊపిరి లోపలికి పీల్చి వదలమంటారు.

2024లో అమెరికాకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ మన దేశపు రొయ్యల పరిశ్రమలో శ్రామికుల పరిస్థితుల మీద ఒక నివేదిక ప్రచురించింది. విదేశీ పేపర్లలో కొన్నాళ్ళు చర్చ జరిగింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు కూడా రొయ్య గురించి అందరూ మాట్లాడారు, రైతు గురించి, ఎగుమతిదారు గురించి. వలిచే చేతుల గురించి ఎంతమంది మాట్లాడారు? సరుకు తగ్గితే మొదట ఇంట్లో కూర్చోబెట్టేది రోజు కూలి వాళ్ళనే. హాజరు పుస్తకంలో పేరు లేని మనిషి పని పోయిందని ఎవరికి చెప్పుకుంటుంది?

లెక్క రాయడం ఈ జిల్లాకు నేను నేర్పాల్సిన విద్య కాదు. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం రాత్రిబడులుగా నడిచింది. సారా మీద ఉన్న పాఠం చదివిన ఆడవాళ్ళు, చర్చించుకున్న ఆడవాళ్ళు, 1992లో దూబగుంటలో సారా దుకాణాన్ని ఆపారు. రోశమ్మ పేరు మీ అందరికీ తెలుసు. ఊరూరికీ పాకింది. 1993 ఏప్రిల్ 15 నుంచి ఈ జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఈ కథను ‘చదువుకుంటే ఆడవాళ్ళు బాగుపడతారు’ అనే నీతికథగా చెబుతుంటారు. ఒక్కొక్కరూ ఇంట్లో కూర్చుని చదువుకుని ఉంటే బహుశా మొగుడి తాగుడు తమ తలరాత అనే అనుకునేవారు. లాంతరు చుట్టూ కూర్చుని ‘‘మీ ఇంట్లో ఎంత పోతోంది, మా ఇంట్లో ఎంత పోతోంది’’ అని కూడుకున్నారు. ఆ కూడికలోనే తెగువ పుట్టింది. తర్వాత అదే స్త్రీలు రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. పొదుపు సంఘాలు నేర్పిన విద్య తక్కువది కాదు. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చోవడం, ఏ మేనేజ్‌మెంటు కాలేజీలోనూ చదవని ఆడవాళ్ళు చేసి చూపించారు.

అయితే దాని రెండో ముఖం కూడా చూడాలి. అప్పు పెరిగేకొద్దీ సంఘం మీటింగంటే వాయిదా వసూలు అయిపోయింది. సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాక పరిస్థితి ఎంతవరకు పోయిందో, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు ఎందుకు తేవలసి వచ్చిందో మీకు గుర్తుంది. ఇంటి లోపలి లెక్కను కలిసి కూడుకున్న గుంపే, వాయిదా కట్టలేని మనిషి గడప ముందు నిలబడే గుంపుగా మారింది. సంఘం లీడర్లు ఇక్కడున్నారు, కోపగించుకోవద్దు. మీ మీటింగులో వాయిదా లెక్కకు ముందు పది నిమిషాలు కూలి లెక్కకు ఇవ్వండి. ఎవరికెంత ఇస్తున్నారు, ఎవరికి ఎంత ఎగ్గొట్టారు. కొత్త పుస్తకం అక్కర్లేదు, అదే తీర్మానాల పుస్తకంలో రాయవచ్చు.

అడగడం గురించి. ‘నలుగురిలో ధైర్యంగా మాట్లాడటం ఎలా’ అని శిక్షణల్లో అద్దం ముందు నిలబెడతారు. ధైర్యం అద్దంలోంచి రాదని నా అభిప్రాయం. చేతిలో కాగితం, పక్కన ఇంకొక మనిషి ఉంటే చాలావరకు వస్తుంది. ‘‘కొంచెం చూడండి సార్, పిల్లలుగలదాన్ని’’ అని మొదలుపెడితే అది దానం అడగడం అవుతుంది, ఎదుటివాడు దాతలాగే మాట్లాడతాడు. ‘‘పోయిన వారం సోమవారం నుంచి శనివారం దాకా 11 గంటలు అదనంగా చేశాం, ఇదిగో లెక్క, డబ్బు ఏ రోజు ఇస్తారు’’ అని అడగండి. గొంతు పెంచక్కర్లేదు. ఒక్కరే పోవద్దు. కాగితం రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద అందినట్లు సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే స్పీడ్ పోస్టులో పంపండి. లైంగిక వేధింపుల విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు 3 నెలల్లోగా రాసి ఇవ్వాలి, తగిన కారణముంటే ఇంకో 3 నెలలు పొడిగించవచ్చు. 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువ మంది ఉన్న చోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయితే, జిల్లా స్థానిక కమిటీకి పోవచ్చు.

చిన్న విషయం అడిగితే నవ్వుతారని భయపడే వాళ్ళకు కోళిక్కోడు సంగతి చెప్పాలి. అక్కడ బట్టల కొట్లలో పనిచేసే అమ్మాయిలు పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే ఉండాలి. బేరం లేనప్పుడు కూడా కూర్చోకూడదు. కస్టమరు ముందు చలాకీగా నవ్వుతూ ఉండటం గురించి వాళ్ళకూ శిక్షణలుంటాయి. విజి అనే దర్జీ పనిచేసే స్త్రీ, ఆమె తోటివాళ్ళు మొదట మరుగుదొడ్డి కావాలన్నారు, తర్వాత కూర్చునే హక్కు కావాలన్నారు. సంవత్సరాల తరబడి అడిగారు. 2018లో కేరళ ప్రభుత్వం చట్టం సవరించి దుకాణాల్లో కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా చేసింది. నెల్లూరు ట్రంకు రోడ్డులో చీరల కొట్లకు మనమూ పోతాం. నూటయాభై చీరలు తీయించి ఒకటి కొంటాం. ఈసారి పోయినప్పుడు ఆ అమ్మాయి వెనక స్టూలు ఉందో లేదో చూడండి.

ఇప్పుడు మన సొంత ఇంటి సంగతి, అంటే మన సంస్థల సంగతి. ఇక్కడ ఉన్న కార్యకర్తల్లో చాలామందికి వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఆ ‘గౌరవ’ అన్న మాట వెనక ఎంత కోత ఉందో అంగన్‌వాడీ అక్కలను అడగాలి. 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు వాళ్ళు సమ్మె చేశారు. మధ్యలో ఎస్మా ప్రయోగించారు. పని ఆపితే అత్యవసర సేవ, జీతం అడిగితే స్వచ్ఛంద సేవ! అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. రాజస్థాన్‌లో భన్వరీదేవి ప్రభుత్వ కార్యక్రమంలో గ్రామస్థాయి కార్యకర్త, ‘సాథిన్’. 1992లో బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆ కేసు తర్వాతే 1997లో విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి. పనిచేసే చోట అంటే నాలుగు గోడల ఆఫీసు ఒక్కటే కాదని, ఊళ్ళోకి పోయి పనిచేసే మనిషి పనీ పనేనని ఆమె వల్ల దేశానికి తెలిసింది. ఆ తీర్పును కరపత్రాలుగా పంచిన మన సంస్థలు, తమ కార్యకర్త రాత్రి పది గంటలకు ఊరి నుంచి ఎలా తిరిగివస్తోందో రాసి పెట్టుకుంటున్నాయా?

నిధులిచ్చే వాళ్ళకు నివేదిక పంపాల్సిన నెలలో ఫీల్డు వర్కరు నిద్రపోదు. సెలవు అడిగితే ‘‘ఉద్యమంలో సెలవులేమిటి’’ అంటాం. అలా అన్న పెద్దలకు సాధారణంగా సెలవుతో అవసరం ఉండదు, ఇంట్లో వేరే ఎవరో చూసుకుంటుంటారు. నా మాట కొంచెం కటువుగా ఉండవచ్చు. కానీ పదేళ్ళు పనిచేసి, నడుంనొప్పితో, పైసా పొదుపు లేకుండా, నియామక పత్రం కూడా లేకుండా ఇంటికి పోయిన కార్యకర్తలను నేను ఎరుగుదును. వాళ్ళు కనీస వేతనాల గురించి ఊరూరా చెప్పినవాళ్ళు.

మీటింగు ఎప్పుడు ముగుస్తుందో మొదలుపెట్టకముందే బల్ల మీద రాయండి, ఆఖరి బస్సుకు గంట ముందు ముగించండి. మినిట్సు రాసే పని ఎప్పుడూ ఒక్కరిదే కాకుండా చూడండి. టీ కప్పులు కడిగే పని కూడా. చెక్కు మీద రెండో సంతకం ఎవరో ఊరికే పెట్టే సంతకం కాకూడదు, పుస్తకం చదవగలిగిన మనిషి పెట్టాలి. ఫోను నంబర్లు, ఆఫీసర్ల పరిచయాలు, ఫైళ్ళు ఎక్కడున్నాయన్న సంగతి ఒక్క అక్క తలలోనే ఉంటే ఆ అక్క జబ్బుపడిన రోజు సంస్థ మూతపడుతుంది. ఇది త్యాగం కాదు, చెడ్డ నిర్వహణ. పెద్ద అక్కలకు ఈ మాట నచ్చదని తెలుసు, నేనూ ఆ వయసులోకే వస్తున్నాను.

ఇంటి సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాని మీద మనం మాట్లాడినంత ఇంకెవరూ మాట్లాడరు. ‘‘మా ఆయన నాకు సాయం చేస్తాడు’’ అనే మాట మానేద్దాం. సాయం అంటే పని నాది, దయ ఆయనది. ఒక పని ఎంచుకుని, పూర్తిగా అప్పగించండి. రాత్రి గిన్నెలు అనుకోండి. సబ్బు అయిపోయిందని గుర్తుంచుకోవడం కూడా ఆ పనిలో భాగమే. మొదటి నెల గిన్నెలకు జిడ్డు ఉంటుంది. ఉండనివ్వండి, వెనక పోయి మళ్ళీ కడగవద్దు. కొడుకులకు కూతుళ్ళతో సమానంగా పని చెప్పండి. ముగ్గు వలయాన్ని ఒకసారి ఇంట్లో గీసి, ఆయన రోజు ఆయన చేత నింపించండి. గొడవ అవుతుంది. కొన్ని ఇళ్ళల్లో అది గొడవతో ఆగదని కూడా నాకు తెలుసు. అలాంటి చోట ఈ సలహా పాటించవద్దు, ముందు మన కార్యకర్తలెవరితోనైనా మాట్లాడండి.

భోజనాల తర్వాత మనం గుంపులుగా కూర్చుంటాం. షెడ్లలో పనిచేసే వాళ్ళు కిటికీల వైపు, ఆఫీసుల వాళ్ళు, అంగన్‌వాడీ, ఆశా అక్కలు ఈ పక్కన. సంస్థల్లో పనిచేసే వాళ్ళు మాత్రం మీ మీ డైరెక్టర్లు లేకుండా వేరే గదిలో కూర్చోండి. నోటు పుస్తకాలు ఆ బల్ల మీదున్నాయి, తలా ఒకటి తీసుకుని మొదటి పేజీలో నిన్నటి రోజు రాసుకుని రండి. మొదటి పేజీలో కంపెనీ పేరు తెలియని వాళ్ళు ఖాళీ వదిలేయండి, రేపు గేటు మీద చూసి రాయవచ్చు. ముత్తుకూరు మీదుగా నెల్లూరు పోయే వాళ్ళు మీ ఆఖరి బస్సు ఎన్నింటికో ఇప్పుడే చెబితే, దాన్నిబట్టి సాయంత్రం ఎన్నింటికి ముగించాలో బోర్డు మీద రాస్తాను.